నిరాపద పెట్టిన నగల వడియాలు

నిరాపద భూనియా గురించి రాయాలని కూర్చుంటే ముందు నాకు కోపం వస్తుంది. ఆయన మీద కొంచెం, ఆయన భార్య మినతి మీద ఇంకొంచెం, మా వీధి ఆడవాళ్ళ మీద బోలెడంత. మనిషి ఆరడుగుల వాడు. గుబురు మీసం. బెంగాల్లో మా మహిషాదల్ ఊరి చుట్టుపక్కల పొలాల్లో, తమలపాకు తోటల్లో ఏ నీటి ఇంజను మొరాయించినా సైకిలుకు పానాల సంచి తగిలించుకుని వెళ్ళేది ఆయనే. మోకాళ్ళ దాకా బురదలో దిగి, తిట్టుకుంటూ ఇంజను విప్పి, మళ్ళీ బిగించి, అది దడదడమన్నాక గానీ టీ ముట్టడు. అలాంటి మనిషికి ఈ లోకంలో అన్నిటికంటే ఇష్టమైన పని నగల వడియాలు పెట్టడం.

నగల వడియాలంటే మన మినప వడియాల్లాంటివే. ఇక్కడివాళ్ళు గయనా బొరి అంటారు. పొట్టు తీసిన మినప్పప్పు నానబెట్టి, తెల్లారకముందే సన్నికల్లు మీద నూరి, చేత్తో గిలకొట్టి గిలకొట్టి, ఒక చుక్క తీసి నీళ్ళలో వేస్తే అది తేలేదాకా వదలరు. తర్వాత గుడ్డకు కన్నం చేసి, అందులో రేకు గొట్టం దూర్చి, పిండి మూటకట్టి, గసగసాలు పరిచిన పళ్ళెంలో పిండుతారు. చుట్ట తిప్పి వదిలేయడం కాదు. కంటెలు, జూకాలు, నెమళ్ళు, మామిడి పిందెలు, అన్నీ దారం కంటే కాస్త లావు గీతతో, ఎక్కడా తెగకుండా రావాలి. లేత ఎండలో ఎండాక వేయిస్తే నోట్లో పెట్టగానే కరిగిపోతాయి. పెళ్ళి సారెలో ఇవి లేకపోతే ఈ వైపు పెళ్ళికూతురి తల్లికి తలవంపులే.

ఇది ఆడవాళ్ళ పని. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, మేడ మీద కూర్చుని చేయాలి. మగవాడి చెయ్యి తగిలితే మబ్బు పడుతుందట, వడియాలు ఎర్రబడతాయట. లెక్కలు చెప్పే దాన్ని కాబట్టి ఒక ఏడాది నేను కాగితం మీద రాసి చూశాను. మగపురుగు మేడెక్కని రోజుల్లో కూడా నాలుగుసార్లు మబ్బు పట్టింది. ఆ కాగితం తీసుకెళ్ళి మినతి తోడికోడలు పారుల్‌కు చూపించాను. ఆవిడ తాపీగా చూసి, పొరుగు మేడ మీంచి ఎవడో ఒకడు తొంగి చూసే ఉంటాడు దిదిమొణీ అంది.

దిదిమొణి అంటే టీచరమ్మ. మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో ఫిట్టరు. నేను పుట్టి పెరిగింది అక్కడి తెలుగువాళ్ళ క్వార్టర్లలో. ఇక్కడి ఆడపిల్లల బడికి లెక్కల టీచరుగా వచ్చి, భూనియాల ఇంటి ముందు గదిలో అద్దెకు దిగి, పెళ్ళీ గిళ్ళీ లేకుండా ఇరవయ్యేళ్ళకు పైగా ఉండిపోయాను. నాకు వడియం పెట్టడం రాదు. గొట్టం చేతికిస్తే పళ్ళెంలో పిట్ట రెట్ట వేసినట్టుంటుంది. అయినా ఆడదాన్ని కాబట్టి నన్ను మేడ మీద చాపేసి కూర్చోబెడతారు.

నిరాపదకు ఈ పిచ్చి ఎనిమిదో ఏట పట్టుకుంది. కామెర్లు వచ్చి ఒక చలికాలమంతా బడికి పోకుండా నాయనమ్మ పక్కన మేడ మీద పడుకుని ఉండేవాడట. ఊసుపోక ఒక రోజు గుడ్డ అడిగాడు. చిన్నవాడు, పైగా జబ్బుతో ఉన్నవాడు, ఏం కొంప మునిగిందని ఆవిడ ఇచ్చింది. మొదటి రోజే జూకా వచ్చిందట. పదేళ్ళు నిండగానే మెట్ల దగ్గర ఆపేశారు. బళ్ళో పిల్లలకు ఎలాగో తెలిసి ‘వడియాల కోడలు’ అని పేరు పెట్టారు. ఆ పేరు తండ్రి చెవిన పడింది. ఆయన వీపు మీద రెండు అంటించి కొడుకును ఇంజన్ల షెడ్డులో పనికి పెట్టాడు.

షెడ్డులో ముందుగా నేర్చుకున్నది రేకు కత్తిరించి అతకడం. దాంతో గొట్టాలు చేయడం మొదలుపెట్టాడు. సన్న గీతకొకటి, లావు గీతకొకటి, అంచు కుచ్చుల్లా రావాలంటే పళ్ళు కోసింది ఒకటి. ఇప్పుడు మా వీధిలోనే కాదు, కాలువ అవతల ఆడవాళ్ళు కూడా నిరాపద గొట్టాలే వాడతారు. కార్తీకం వచ్చిందంటే షెడ్డు ముందు వరస కడతారు. ఒకావిడకు మొన సరిగ్గా లేదు, ఇంకొకావిడకు ఇంకా సన్నటిది కావాలి. ఆయన ఒక్కోదాన్నీ పెదవుల మధ్య పెట్టుకుని ఊది, వెలుతురుకు ఎత్తి చూసి ఇస్తాడు. మగవాడు గొట్టం చేయొచ్చు, నోట్లో పెట్టుకుని ఊదొచ్చు. దాన్లో పిండి పోసి పిండితే మాత్రం మైల.

దీని మీద నేను ఎంతమందితో వాదించానో లెక్కలేదు. బజారులో సందేశ్ మిఠాయికి అచ్చుల్లో పూలూ చేపలూ దిద్దేది మగవాడే కదా అంటాను. గుళ్ళో కాళీమాతకు చీర కుచ్చిళ్ళు సర్దేది మగ పూజారే కదా అంటాను. అది వేరు అంటారు. ఎలా వేరని అడిగితే, మీరు పెళ్ళి చేసుకోలేదు కదా దిదిమొణీ, మీకు తెలియదు అంటారు.

మినతి పురూలియా పిల్ల. అక్కడ ఈ వడియాల ఊసే లేదు. కాపురానికి వచ్చిన మొదటి చలికాలం మేడ మీద అత్తగారూ పారులూ కలిసి ఆమెను ఏడిపించని రోజు లేదు. గోడకు పేడ కొట్టడమే నేర్పి పంపారా మీ అమ్మ అని అత్తగారు అనేదట. నిరాపద చాటుగా నేర్పబోయాడు. ఆమె చెయ్యి అసలు తిరగలేదు. ఒక పొద్దున ఆమె ఏడుస్తుంటే చూడలేక, పిండి గిన్నె వంటింట్లోకి తెమ్మని, తలుపు గడియ పెట్టించి, తనే పళ్ళెం నిండా పెట్టి ఇచ్చాడు. ఆమె మేడ మీదికి పట్టుకెళ్ళింది. అత్తగారు చూసి కోడల్ని దగ్గరికి తీసుకుని నుదురు ముద్దుపెట్టుకుందట.

అక్కడ చిక్కుకున్నారు ఇద్దరూ. ఎవరైనా చూస్తుంటే నా చెయ్యి ఆడదు, దిష్టి తగులుతుంది అని మినతి ఒక మాట పుట్టించింది. ఏళ్ళు గడిచేసరికి అదే ఆవిడ పద్ధతి అయిపోయింది. మినతి తలుపేసుకుని పెడుతుంది, మినతి చేతి వడియాలు మరెవరికీ రావు అని నాలుగూళ్ళలో పేరు. ఎవరింట్లో పెళ్ళయినా పిండి గిన్నె ఆవిడ వంటింటికే వచ్చేది. అలాంటి రోజుల్లో నిరాపద షెడ్డులో ఉండడు. ఏడీ అని అడిగితే తలనొప్పి, పడుకున్నారు అంటుంది మినతి. ప్రతి చలికాలం ఆయనకు తలనొప్పులు ఎక్కువ.

గడియ పెట్టిన వంటింట్లోంచి మగవాడి దగ్గు వినిపిస్తుంటే ఎవరికి తెలియదు? పారుల్‌కు తెలుసు. వీధిలో సగం మందికి తెలుసు. నేనూ అలాగే తెలుసుకుని ఒక రోజు తలుపు తట్టి, తీసేదాకా కదలలేదు. ఆ రోజు నుంచి ఆయన పెడుతుంటే పళ్ళెం తిప్పే పని నాది. ఆ పెద్ద చేతుల్లోంచి ఆ గీత రావడం దగ్గర కూర్చుని చూశాను. ముఖంలో ముడతలన్నీ విడిపోయేవి. ఇంజను దగ్గర నోరు మూయని మనిషి అక్కడ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. అయిపోయాక పళ్ళేన్ని ఇటు తిప్పీ అటు తిప్పీ చూసుకునేవాడు. అంతలో మినతి వచ్చి ఎత్తుకెళ్ళిపోయేది. మేడ మీంచి ఆడవాళ్ళ మెచ్చుకోళ్ళు కిందికి వినిపించేవి. ఆయన తల వంచుకుని గుడ్డ ఉతుక్కునేవాడు.

ఎన్నిసార్లు చెప్పానో ఆయనకు. నోరు తెరిచి చెప్పండి, ఏం చేస్తారు, ఉరి తీస్తారా అని. ఒకసారి మాత్రం జవాబిచ్చాడు.

“చెప్తే మినతి పేరు పోతుంది కదా దిదిమొణీ. ఈ ఊళ్ళో దానికంటూ ఉన్నది అదొక్కటే.”

“మరి మీకు?”

“నాకు ఇంజన్లున్నాయి కదా” అన్నాడు. అన్నాడే గానీ నా ముఖం చూడలేదు. ఆ పూట నాకు వొళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. ఒకటి, నిరాపద కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. ఏళ్ళ తరబడి ఇంజన్ల అదురు పట్టీ పట్టీ నరం దెబ్బతిందని తమ్లుక్ డాక్టరు చెప్పాడు. ఇప్పటికి ఫరవాలేదు గానీ వచ్చే ఏటికి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుందన్నాడట. రెండు, ఒక్కగానొక్క కూతురు శ్రాబణికి పెళ్ళి కుదిరింది. అబ్బాయిది కాంథి ఊరు. ఫాల్గుణంలో ముహూర్తం. మాఘంలో సారె వడియాలు పెట్టాలి. ఇరవై ఒకటి.

ఆ వారం ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర నిరాపద నోరు తెరిచాడు. నేనూ అక్కడే ఉన్నాను. సారె వడియాలు తనే పెడతానని, మేడ మీద, పగటిపూట, అందరి మధ్య కూర్చుని పెడతానని చెప్పాడు. ఇదే తన చేతికి చివరి చలికాలమని, ఒక్కసారి, కూతురి పెళ్ళికి, ఇది నాన్న పెట్టింది అనిపించుకోవాలని ఉందని చెప్పాడు. అంత పెద్ద మనిషి ఆ మాటలు చెబుతూ అన్నం ముద్దను కంచంలో అటూ ఇటూ తోస్తూనే ఉన్నాడు.

పారుల్ ముందు నవ్వింది. తర్వాత, పెళ్ళి వడియం మీద మగ చెయ్యి పడితే అశుభమంది. మినతి పప్పు గరిటె గిన్నెలో పడేసి లేచిపోయింది. శ్రాబణి మాత్రం తండ్రి పక్కనే కూర్చుంది. చిన్నప్పుడు గడియ వేసిన వంటింట్లో ఆయన ఒళ్ళో కూర్చుని గసగసాలు తిన్న పిల్ల.

“నా పెళ్ళి అయ్యేదాకా ఆగు నాన్నా” అంది మెల్లగా. “తర్వాత నీ ఇష్టం. వాళ్ళు ఏమనుకుంటారో తెలియదు కదా.”

తర్వాత అన్నది లేదని ఆ పిల్లకూ తెలుసు. నిరాపద సరేనన్నాడు. ఆయన సరేననడమే నాకు అన్నిటికంటే మండుతుంది.

అయితే ఇంకో చిక్కు వచ్చి పడింది. పెళ్ళికొడుకు మేనత్త లావణ్యప్రభ అని, ఒక పెద్దావిడ, కబురు చేసింది. వాళ్ళింట్లో ఆనవాయితీ ఉందట. సారె వడియాల్లో మొట్టమొదట జంట వడియం పెట్టాలి. రెండు శంఖాలు, వాటి మధ్య సన్నటి గొలుసు. గొలుసు తెగకూడదు. అది పెళ్ళికూతురి తల్లే మేడ మీద, మగపెళ్ళివారి ముత్తైదువ ఎదుట పెట్టాలి. ఆ ముత్తైదువ దానికి సింధూరం పెట్టి, గరిక ఉంచాకే మిగతావి. ఆ ముత్తైదువ తనేనని, ఫలానా రోజు పొద్దున వస్తానని.

ఇన్నేళ్ళూ తలుపు వెనక గడిచిపోయింది. ఇప్పుడు మినతి బయట కూర్చుని పెట్టాలి. ఆమెకు నిద్ర లేదు. నిరాపద రోజూ మధ్యాహ్నం షెడ్డు మూసేసి వచ్చి, అరిటాకు మీద ఆమె చేత గీయించేవాడు. శంఖం, గొలుసు, శంఖం. చెయ్యి పట్టుకుని నడిపించేవాడు. మణికట్టు బిగించకు, ఊపిరి వదులుతూ పిండు అని చెప్పేవాడు. శంఖాలు ఎలాగో కుదిరాయి. గొలుసు పదిసార్లకు రెండుసార్లే వచ్చేది. మీరే పెట్టి నా ప్రాణం మీదికి తెచ్చారు అని ఆమె ఆయన మీద విరుచుకుపడేది. మొదట ఎవరి కోసం పెట్టాడో నేను గుర్తు చేశాను. ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఆ రోజు రానే వచ్చింది. ఎండ బాగా ఉంది. మేడ మీద చాపలు పరిచి పదిమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. లావణ్యప్రభ బరువైన మనిషి. కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. మోకాళ్ళ నొప్పులని ఆవిడకు ఒక్కతికే ఎత్తుగా పేము మోడా వేశారు. మినతి ఇక్కడివాళ్ళు శుభకార్యాలకు కట్టే ఎర్రంచు తెల్లచీర కట్టుకుని పళ్ళెం ముందు కూర్చుంది. నిరాపద తలంటుకుని ఉతికిన పంచె కట్టుకున్నాడు. ఆయన్ను ఎవరూ పిలవలేదు. మేడ మెట్ల పైమెట్టు మీద, గుమ్మానికి ఇవతల, కనపడీ కనపడకుండా కూర్చున్నాడు. నేను ఆయనకు దగ్గరగా గోడకు చేరబడ్డాను.

మొదటి శంఖం వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను. గొలుసు మొదలుపెట్టింది. సగం దాకా బాగానే సాగింది. అక్కడ లావణ్యప్రభ కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగింది. మినతి చెయ్యి ఆగింది. ఆగిన చోట పిండి బొట్టుగా పడి, తర్వాత గీత తెగింది. ఆమె కంగారుగా మళ్ళీ పిండింది. ఇంకో బొట్టు పడింది. రెండో శంఖం ముద్దయింది. పారుల్ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నిరాపద లేచి గుమ్మం దాటి వచ్చాడు.

“గొట్టంలో గసగసం అడ్డుపడి ఉంటుంది. నేను చేసిందే, మొన సరిగ్గా రాలేదు. ఒక్కసారి చూడనివ్వండి” అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

ఆమె చేతిలోంచి మూట తీసుకున్నాడు. గొట్టం తీసి ఊదాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. మళ్ళీ బిగించాడు. పనిముట్టు చూసే మేస్త్రీ అన్నాక ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. పళ్ళెంలో ఆ చివర ఖాళీగా ఉన్న చోట, సరి చూసే వాడిలాగే, పిండటం మొదలుపెట్టాడు. శంఖం. గొలుసు. ఒక్కొక్క లంకె విడివిడిగా లెక్కపెట్టొచ్చు. రెండో శంఖం. అక్కడ ఆపేయాలి. ఆపలేదు. గొలుసు మధ్యలో చిన్న నెమలిని కూర్చోబెట్టాడు. దాని తలమీద కుచ్చు కూడా పెట్టాడు. రెండు నిమిషాలు పట్టి ఉంటుందేమో. ఆయన ముఖంలో ముడతలు విడిపోవడం నాకు కనిపించింది. మేడ మీద, పగటిపూట, పదిమంది ఆడవాళ్ళ మధ్య. ఇక దాచడానికి ఏమీ లేదు, అయిపోయింది, అందరూ కళ్ళారా చూశారు అనుకున్నాను.

లావణ్యప్రభ ఆ నెమలిని చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసింది.

“గొట్టం బాగుంది మేస్త్రీ” అంది. “మా ఇంటికి కూడా రెండు చేసి పెట్టండి.”

అంతే. పక్కనున్నావిడ, అవును, మాకూ ఆయనే చేసిస్తాడు అంది. ఇంకొకావిడ మొన గురించి ఏదో చెప్పింది. వాళ్ళ గొంతుల్లో తడబాటు లేదు. పారుల్ చెంచా తీసుకుని ఆయన పెట్టిన జంటను అంచు నుంచి గీకేసింది. నెమలీ, గొలుసూ ముద్దగా కలిసిపోయాయి. ఆ ముద్దను గోడ మీద కాకులకు పెట్టింది. అక్కడ గంగాజలం చిలకరించి కొత్త గసగసాలు చల్లింది. లావణ్యప్రభ మోడా మీంచి కష్టం మీద వంగి, మినతి పెట్టిన తెగిన గొలుసును తడి వేలితో నొక్కి అతికించింది. తల్లి చెయ్యి పడింది చాలు అంది. ఆ ముద్ద శంఖం మీద సింధూరం పెట్టి గరిక ఉంచింది. ఆడవాళ్ళు ఉలూలూ అని మంగళధ్వని చేశారు.

నిరాపద అప్పటికే మెట్లు దిగిపోతున్నాడు. వెనకే వెళ్ళాను. వంటింట్లో పీట మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు.

“వణికిందా దిదిమొణీ?”

“లేదు.”

“నెమలి మెడ దగ్గర?”

“ఎక్కడా వణకలేదు.”

తల ఊపాడు. వాళ్ళు చూశారు కదా అన్నాడు. చూశారన్నాను.

మిగతా ఇరవై వడియాలూ మినతి తన పద్ధతిలో తలుపేసుకుని పెట్టుకుంటుందని, భోజనాలయ్యాక పళ్ళెం చూసి వెళ్తానని లావణ్యప్రభ చెప్పిందట. మినతి పిండి గిన్నె తెచ్చి ఆయన ముందు దించింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. తలుపు మూసి, గడియకు చెయ్యి వేసింది.

“వేయకు” అన్నాడు నిరాపద.

ఆమె అర్థం కానట్టు చూసింది.

“తలుపు తీసి ఉంటేనే పెడతాను మినూ. లేకపోతే పెట్టను. బజారులో కొని పంపండి.”

ఇరవయ్యేళ్ళలో ఆయన ఆ గొంతుతో మాట్లాడటం నేను వినలేదు. అరవలేదు. ఇంజను దగ్గర అరిచినట్టు అరిచినా బాగుండేది.

“అందరూ నాదే అనుకుంటున్నారు. ఇవాళ తలుపు తీసి నన్ను దొంగను చేస్తారా?” అంది మినతి. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

“దొంగలా ఉన్నది నేను కదా. నా ఇంట్లో నేను.”

మినతి గడియ మీంచి చెయ్యి తీసి తలుపు వారగా తెరిచింది. వేయలేక, పూర్తిగా తీయలేక నాలుగడుగులు వెనక్కు వచ్చి నిలబడింది. శ్రాబణి బయట వరండాలో గోడకు ఆనుకుని మా వైపే చూస్తోంది. ఆ పిల్ల పెదవులు వణుకుతున్నాయి. నిరాపద చూపు మాత్రం గిన్నె మీదకు పోయింది. గిలకొట్టిన పిండి ఎక్కువసేపు నిలవదు. లోపలి గాలి పోతే కూర్చుండిపోతుంది. అలాంటి పిండితో పెట్టిన వడియం రాయి అవుతుంది. పైన బుడగలు ఒక్కొక్కటే పగులుతున్నాయి. మొగుడూ పెళ్ళాల పోట్లాట రేపటికి ఉంటుంది, అది ఉండదు. ఆయన వేళ్ళు గుడ్డ వైపు వెళ్ళి ఆగిపోయాయి. మళ్ళీ తల ఎత్తి తలుపు వైపు చూశాడు.

అప్పుడే మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడు. లావణ్యప్రభ గొంతు వినిపించింది. భోజనం దాకా ఎందుకు, వియ్యపురాలి చేతి పని ఒక్కసారి ఇప్పుడే చూస్తాను, పద అంటోంది. పారుల్ ఆవిడను ఆపబోతోంది. అడుగులు దగ్గరవుతున్నాయి.

మినతి నా వైపు చూసింది. నిరాపద కూడా నా వైపే చూశాడు.

తలుపుకు దగ్గరగా ఉన్నది నేనే. ఇన్నేళ్ళు ఆయన్ను నోరు తెరవమని వేధించినదాన్ని. వీధిలో అందరితో గొడవపడ్డదాన్ని. కాగితం మీద మబ్బులు లెక్కపెట్టినదాన్ని. నేను తలుపు బార్లా తీసి పక్కకు జరిగితే చాలు. కానీ వరండాలో ఆ పిల్ల ముఖం చూశాను. మినతి ముఖం చూశాను. పెళ్ళి, పెళ్ళివారు, ఇప్పుడెందుకు ఈ రభస అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఒక్క క్షణంలో నా చెయ్యి లేచి తలుపు మూసి గడియ పెట్టింది.

బయట పారుల్, మా మినతి ఇంతేనండీ, ఎవరూ చూడకూడదు అని నవ్వుతూ చెప్పింది. పెద్దావిడ కూడా నవ్వి వెనక్కు తిరిగింది. లోపల నిరాపద కాసేపు నా వైపు చూశాడు. తర్వాత గుడ్డ తీసుకుని పిండి నింపాడు. పళ్ళెం తిప్పడానికి నేను చెయ్యి చాపాను. తనే తిప్పుకున్నాడు.

ఇరవయ్యీ పెట్టాడు. ఒక్క గీత తెగలేదు. కాంథిలో పెళ్ళివారు మినతి చేతిని ఇప్పటికీ పొగుడుతున్నారట. మరుసటి చలికాలానికి ఆయన వేళ్ళు పూర్తిగా పట్టు తప్పాయి. మినతికి నడుం నొప్పి వచ్చి వడియాలు మానేసిందని వీధికి చెప్పారు. ఆయన మినతితో ఎప్పటిలాగే ఉన్నాడు. పారుల్ కుట్టుమిషన్ పాడైతే ఎడమచేత్తోనే బాగుచేసి పెట్టాడు. నాతో మాత్రం అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప మాట్లాడటం మానేశాడు. మిగతావాళ్ళు తలుపు వేస్తారని ఆయనకు ముందే తెలుసు. నేను వేస్తానని మాత్రం అనుకోలేదు.